తొమ్మిది వేల రూపాయి

"శాంసనూ! ఓరుగల్లుల నేరం నిద్రపోవచ్చు. ఈ రత్నం మాత్రం నిద్రపోడు!"

మధ్యాహ్నం మూడింటిదాకా గురకపెట్టి, కళ్లు నులుముకుంటూ వచ్చిన నా మిత్రుడి ప్రకటన ఇది. రత్నానికి కాజీపేటలో జిరాక్స్ షాపుంది. అందుకే ఒరిజినల్ ఆలోచనలు తక్కువ. డిటెక్టివ్‌గా ఆరా తక్కువ, ఆరాటం ఎక్కువ. చేతిలో ఎప్పుడూ భూతద్దం. అందులోంచి అతనికి అన్నీ భూతాలే కనిపిస్తాయి.

నా సమస్య చిన్నదే. నేను పోగేసిన నిజాం వెండి రూపాయల వరసలో ఒక్కటి తక్కువ. ఆ ఒక్కటీ ధర్మసాగర్ వెంకట్రాజం దగ్గరుంది. తొమ్మిది వేలంటున్నాడు, ఐదింటికి వస్తున్నాడు. ఇంట్లో ఉన్న తొమ్మిది వేలూ మా ఆవిడ దీనమ్మ కుట్టుమిషన్ కోసం దాచుకున్నవి.

"ధర న్యాయమని తేల్చుండ్రి, ఇస్త. తేలకపోతే ఆ పెట్టెల ఉన్న నాణేలు గూడ అమ్మి మిషన్ కొంట" అంది దీనమ్మ.

ఫోన్లో వెతికితే అదే నాణేనికి ఒకడు రెండు వేలంటాడు, ఇంకొకడు రెండు లక్షలంటాడు.

"దీనెనుక అంతర్జాతీయ ముఠా ఉన్నది!" రత్నం గొంతు తగ్గించాడు. "అడిగే ధర ఎవడైనా అడుగుతడు. అమ్ముడువోయిన ధరకు రుజువు గావాలె."

పుట్టి బుద్ధెరిగాక అతను అన్న తొలి తెలివైన మాట అది. నేను కంగారుపడ్డాను.

"పోయినేడు ఇసొంటిదే మా చర్చిలనే తొమ్మిది వేలకు పోయిందని వెంకట్రాజం అంటాండు" అన్నాను.

రత్నం నల్లద్దాలు పెట్టి, మూతికి మఫ్లర్ చుట్టి, మారువేషంలో చర్చికి బయల్దేరాడు. గేటు దగ్గరే సెక్రటరీ షారోన్ పలకరించింది. "రత్నమన్నా, జరమొచ్చిందా? దవాఖానకు పోకపోయినవ్?"

ఐదింటికి అతను చర్చి రిజిస్టర్ పేజీ జిరాక్సుతో దిగాడు. అప్పటికే వెంకట్రాజం మా ఇంట్లో చాయ్ తాగుతున్నాడు.

"కేసు ఖతం! వెండి రూపాయి, తొమ్మిది వేలు. సంతకంతో సహా ఉన్నది. శాంసనూ, పైసలియ్యి!"

దీనమ్మ మొహం చిన్నబోయింది. లోపలికెళ్లి కవరు తెచ్చింది. నేను చెయ్యి చాపాను.

"ఆగమ్మా! సాక్ష్యం అందరి ముందట చదవాలె" అంటూ రత్నం భూతద్దం ఎత్తాడు. అది ఒక వరస పైకి జరిగింది. కోర్టులో జడ్జిలా చదివాడు: "సొరకాయ ఒకటి... నాలుగు వేల ఐదు వందలు!"

చాయ్ వెంకట్రాజానికి పొలమారింది. "సొరకాయనా? బంగారందా ఏంది?"

దీనమ్మ నవ్వాపుకోలేకపోయింది. "కోత పండుగ లెక్క అన్నా అది! మావోళ్లు పంటలో, పాత రూపాయలో తెచ్చి దేవునికిస్తరు. వాటిని చర్చిల వేలం పాడుతరు. చర్చి కప్పు రేకుల కోసమని అందరు పోటీ పడి పెంచుతరు. ఆ సొరకాయ కొన్నది మా ఆయననే!"

నిజమే. వేలం కాబట్టి వేలల్లో పలికింది. నేను సొరకాయ మోసుకుని ముందే ఇంటికొచ్చేశాను, రూపాయి పాట చూడలేదు. వారం రోజులు సొరకాయ కూరే తిన్నాం.

"అయ్యో, మాకేం ఎర్క తల్లీ? బజారు వేలమే అనుకున్న" అని వెంకట్రాజం తల గోక్కున్నాడు.

హన్మకొండలో పాత నాణేలమ్మే రెండు దుకాణాలకు అక్కడికక్కడే ఫోన్ చేశాం. ఇద్దరూ రెండు వేలకు అటూ ఇటూ అన్నారు. రెండు వేలకే బేరం తెగింది. మిగిలిన ఏడు వేలతో దీనమ్మ మిషన్ కొంది, మోటారు లేనిదే అయినా.

"సూసినవా? సొరకాయను కావాలనే సదివిన!" అన్నాడు రత్నం. ఆ గర్వంలో భూతద్దం మా ఇంట్లోనే మర్చిపోయాడు.

ఈ ఏడు కోత పండుగకు దీనమ్మ దాన్ని గుమ్మడికాయల మధ్య పెట్టింది.

"భూతద్దం ఒకటి, నూటయాభై!" అంది షారోన్.

రత్నం ఉలిక్కిపడి లేచాడు. "అది నాదే! రెండొందలు!"

"ఐదొందలు" అంది దీనమ్మ తాపీగా.

మూడు వేల రెండొందలకు అతని సొత్తు అతనికి దక్కింది. ఇప్పుడెవరైనా ఆ భూతద్దం విలువెంతని అడిగితే చాలు, జేబులోంచి రిజిస్టర్ పేజీ జిరాక్సు తీసి చూపిస్తున్నాడు.