సమితి జీపు మూడో సిలిండరు

ప్రభుత్వం పొరబాటు చేయవచ్చు గాని, ప్రభుత్వ జీపు దగ్గకూడదు. పరిపాలనకు పునాది వంటి ఈ సూత్రాన్ని మా గుర్రాలపాడు పంచాయతీ సమితి జీపు చాలాకాలంగా ఉల్లంఘిస్తోంది. బొబ్బిలి రోడ్డెక్కితే చాలు, ఇంజను మిస్సింగు కొట్టేది. గెడ్డలో నీళ్లు దాటి గట్టెక్కేటప్పుడు సైలెన్సరులోంచి ‘ఢాం’ అని పేలేది. చెరుకుతోటల్లో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. (కొంగలు సమితి పరిధిలోకి రావు కనుక ఫిర్యాదులేవీ అందలేదు.)

బి.డి.ఓ. జగన్నాధంగారు ఆ జీపులోనే గెడ్డ దాటి ఊరూరా తనిఖీకి వెళ్లేవారు. ఎక్కడికి వెళ్లినా అంతా సవ్యంగానే ఉండేది. బడిలో పిల్లలు ఎక్కాలు చదువుతుండేవారు. మందుల గదిలో కాంపౌండరు సీసాలు తుడుస్తుండేవాడు. గ్రామసేవకుడు పొలంగట్టు మీద నిలబడి ఎరువుల గురించి బోధిస్తుండేవాడు. జిల్లా మొత్తానికి తన సమితే మేలైనదని జగన్నాధంగారు మనసారా నమ్మారు. ఆ నమ్మకంతోనే, ఒకసారి వచ్చి చూసిపొమ్మని పై అధికారిగారికి రాశారు. ఆయన సరేనన్నారు. మెచ్చుకుంటే ప్రమోషను, మెచ్చుకోకపోతే కొండల మీద ఏదో మూలకు బదిలీ.

ఆ పెద్దవారి కారు గెడ్డ దాటగలిగేది కాదు. సమితి జీపులోనే తిప్పాలి. అంతటివారిని దగ్గే జీపులో ఎక్కించడం ఎలా? బాగుచేయించాలని జగన్నాధంగారు నిశ్చయించారు.

“ఎందుకు బావూ? ఇప్పుడేటి కష్టమొచ్చినాది?” అన్నాడు డ్రైవరు నూకయ్య. బద్ధకం కొద్దీ అంటున్నాడనుకుని జగన్నాధంగారు కసిరారు.

మరమ్మతుకు అనుమతి కావాలంటే ముందు జబ్బు పేరు రాయాలన్నది నిబంధన. పేరు తెలియాలంటే ఇంజను విప్పాలి. విప్పాలంటే అనుమతి కావాలి. హెడ్డు గుమాస్తాగారు తల పండినవారు కాబట్టి, ‘జబ్బు: అనుమానాస్పదం’ అని రాసి పని కానిచ్చారు.

బొబ్బిలిలో మెకానిక్కు డేవిడ్‌రాజు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. అందుచేత తన చెవి మీద తనకు అపారమైన గురి. బానెట్టు ఎత్తకుండానే కళ్లు మూసుకుని విన్నాడు.

“కార్బొరేటర్లో నలకుంది. ఇంకేటీ లేదు.”

కార్బొరేటరు కడిగాడు. జీపు దగ్గింది. మళ్లీ కళ్లు మూసుకుని, పాయింట్లు అరిగిపోయాయన్నాడు. అవి మార్చినా దగ్గింది. చివరికి చెవిని పక్కనపెట్టి చేతులకు పని చెప్పాడు. ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఒకటోది తీస్తే ఇంజను తూలింది. రెండోది తీసినా తూలింది. మూడోది తీస్తే చీమ కుట్టినట్టయినా లేదు. అంటే ఆ సిలిండరు మొదటినుంచీ పని చేయడం లేదు. (మిగతావాళ్లు లాగుతున్నారు కనుక ఎవరికీ తెలియలేదు. ఈ పద్ధతి ఆఫీసుల్లో కూడా ఉందంటారు.) ప్లగ్గు మంచిదే. వైరును ఎలుక కొరికింది. కొత్త వైరు వేయగానే జీపు వెన్నలా నడిచింది.

మురిసిపోయిన జగన్నాధంగారు మర్నాడే ఆ జీపులో గెడ్డ దాటి పక్క ఊరికి వెళ్లారు. ఢాం లేదు. కొంగలు లేవలేదు.

బడిలో పిల్లలూ లేరు, మేష్టారూ లేరు. నేలంతా పెసలు ఆరబోసి ఉన్నాయి. మందుల గదిలో దూడను కట్టేశారు. గ్రామసేవకుడు అరుగు మీద దుప్పటి ముసుగేసి ఉన్నాడు. పెసలు తిరగేస్తున్న కూర్మమ్మ తలెత్తి చూసి నడుం మీద చెయ్యేసుకుంది.

“ఏటి బావూ, సప్పుడు సెయ్యకుండా వచ్చేసినారు? ఎప్పుడూ గెడ్డకాడ ఢామంతాది. పెసలెత్తేస్తాం, దూడనిప్పేస్తాం, మేష్టారికి కబురెట్టి పిల్లల్ని తోలేస్తాం. ఇలాగ దొంగలాగొచ్చేస్తే మేవేటయిపోవాల?”

జగన్నాధంగారు నూకయ్య వంక చూశారు.

“తవరికి తెలుసనుకున్నాను బావూ. బాగు సెయ్యొద్దని అందుకే గదా సెప్పినాను!”

జగన్నాధంగారు బడి మెట్టు మీద కూలబడ్డారు. పాపం, ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లూ తాను చూసి పొంగిపోయిన సమితి, ఢాంకూ జీపు రాకకూ మధ్య ఉన్న కాస్త వ్యవధిలో తయారైన సమితి. పెద్దవారు రావడానికి రెండు రోజులే ఉన్నాయి. సమితిని బాగుచేయడమా, జీపును పాడుచేయడమా అని శాంతంగా ఆలోచించారు. మొదటిదానికి సిబ్బంది చాలరు.

తిన్నగా బొబ్బిలి వెళ్లారు. ఎలా అడగాలో తెలియక నీళ్లు నములుతుంటే డేవిడ్‌రాజే బల్ల కిందనుంచి ఎలుక కొరికిన వైరు తీశాడు.

“పర్లేదు బావూ. జీపులోల్లు ఎప్పుడూ ఇంతే. బాగుసేసినాక మళ్లీ వచ్చి పాతదే అడుగుతారు.”

బాగున్నదాన్ని చెడగొట్టడానికి ఏ పద్దూ లేదని ఆడిటు అడ్డుపడకుండా, హెడ్డు గుమాస్తాగారు దాన్ని ‘పూర్వస్థితి పునరుద్ధరణ’ కింద రాశారు.

పెద్దవారు వచ్చారు. గెడ్డ దగ్గర జీపు ఎన్నడూ లేనంత ఘనంగా పేలింది. బడిలో ఎక్కాలు మారుమోగాయి. మందుల గదిలో సీసాలు తళతళలాడాయి. వయోజన విద్య తరగతిలో కూర్మమ్మ పలక పట్టుకుని బుద్ధిగా కూర్చుంది. (పలక తలకిందులుగా ఉంది. అక్షరాలేవీ లేవు కనుక ఇబ్బంది కలగలేదు.) పెద్దవారు అన్నీ చూసి, “చాలా బాగుంది” అని పుస్తకంలో రాసి సంతకం చేశారు.

తిరుగుదారిలో తన కారు ఆపిన చోట జీపు దిగి, ఆయన బానెట్టు మీద చెయ్యివేసి కాసేపు నిలబడ్డారు. జగన్నాధంగారు చేతులు కట్టుకున్నారు.

“జీపు కొంచెం పాతదండి... క్షమించాలి” అన్నారు.

“ఏ సిలిండరు?”

అబద్ధమాడటానికి నోరు రాలేదు. “మూడోదండి.”

పెద్దవారు తల పంకించి తన కారెక్కారు.

“మా కారుకి రెండోది” అన్నారు.