సీటుకు దెబ్బ తగల్లేదు కదా!

ఇన్సూరెన్స్ వాళ్లు నా కారు పాడుచేశారు. బాగుచేయించి మరీ పాడుచేశారు. ఇది ఫిర్యాదు కాదు, జరిగిన సంగతి. ఇందులో వాదనకేమీ లేదు.

అయినా ఇన్సూరెన్స్ భాష మానవజాతికి వరమనే అంటాను. పల్లెటూరి బడిలో ఎక్కాలు నాకు బెత్తం దెబ్బలతో వచ్చాయి. ఈ పదాలన్నీ ఒక్క వాటర్ ట్యాంకర్ దెబ్బతో వచ్చేశాయి. ఎంత చవక చదువు! మందుల షాపు ముందు ఆగి ఉన్న నా కారు మూతిని ఆ ట్యాంకర్ వెనక్కి వస్తూ నలిపేసింది.

"థర్డ్ పార్టీ" అంటే ఏమిటి? మనం గుద్దితే అవతలివాడి నష్టం కట్టే ఏర్పాటు. మన బండికి పైసా రాదు. ఊరందరికీ సంబంధాలు కుదిర్చి తాను బ్రహ్మచారిగా మిగిలిన పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట!

మన బండికి రావాలంటే "ఓన్ డ్యామేజ్" ఉండాలి. మా ఆవిడ ఏటా కట్టేది. ఆవిడ పోయాక నేనూ మానలేదు. కారు పేరుకు నాది, పెత్తనం ఆవిడది. ఆవిడ నడిపితే నేను పక్కన కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కేవాణ్ణి.

ఆవిడ పొట్టి. డ్రైవర్ సీటు బాగా ముందుకు జరుపుకుంది. నేను తాటిచెట్టును. ఇప్పుడు నడుపుతుంటే మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి. తగలనీ! సీటు మాత్రం కదపలేదు.

"బావా, కారు నడుపుతున్నావా, కడుపులో పెట్టుకున్నావా?" అని మా బావమరిది ఎగతాళి. వాడి అక్క పెట్టుకున్న సీటు అది. వాడికి తెలియక కాదు.

మళ్లీ పాఠానికి వద్దాం. "డిప్రిసియేషన్" అంటే వస్తువు పాతబడిన కొద్దీ విలువ కోసేయడం. "జీరో డెప్" కొన్నవాడికి ఆ కోత లేదు. పాత బంపర్‌కు కొత్త బంపర్! నా మోకాళ్లకు ఇలాంటి పాలసీ ఎవరిస్తారు?

"డిడక్టిబుల్" అంటే మొదటి వాటా మనదే. ముందు మన జేబు చిరగాలి, ఆ తర్వాతే కంపెనీ సూదీ దారం తీస్తుంది. "నో క్లెయిమ్ బోనస్" అంటే ఏడాదంతా నోరెత్తనివాడికి మరుసటి ఏడు ప్రీమియంలో తగ్గింపు. మా బడిలోనూ ఇదే పద్ధతి. అడగనివాడే బుద్ధిమంతుడు!

ఒక్కదానికి మాత్రం పదం దొరకలేదు. నష్టం అంచనా వేయడానికి వచ్చిన సర్వేయర్‌నే అడిగాను.

"బాబూ, రిపేర్‌లో సీటు కదపకూడదు. దానికి పాలసీలో ఏ పదం ఉంది?"

అతను ఫోన్లోంచి తలెత్తలేదు. "సీటుకు దెబ్బ తగల్లేదు కదండీ! తగలనిదానికి కవర్ ఎందుకు సార్? మెకానిక్‌కు చెప్తాలెండి."

చెప్పాడా? మీరే చూడండి.

కారు వచ్చింది. అద్దంలా మెరుస్తోంది. మెకానిక్ గర్వంగా తలుపు తీసి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, సీటు ముందుకొచ్చి బిగుసుకుపోయింది. ఎన్నాళ్లు అవస్థ పడ్డారో ఏమో! గ్రీజు పెట్టి బాగా వెనక్కి లాగేశాం. దీనికి డబ్బులొద్దులెండి. ఇక హాయిగా కాళ్లు చాపుకోండి."

చూశారా, ఉచిత సేవ!

"దానికేముంది బావా, మళ్లీ ముందుకు జరుపుకో," అన్నాడు బావమరిది.

జరిపాను. సీటు కింద ఇనుప పట్టీకి వరసగా గాట్లు. ఆవిడది ఏ గాటు? ఒకదాంట్లో పెడితే మోకాళ్లు తగల్లేదు. ఇంకోదాంట్లో తగిలాయి, కానీ ఆ చోట కాదు. వాడూ మోకాళ్ల మీద కూర్చుని తొంగి చూశాడు.

"ఇదేమో బావా..." అన్నాడు. కాసేపటికి, "కాదేమో," అన్నాడు.

అప్పటినుంచి ఎగతాళి మానేశాడు.

నిన్న కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మీ క్లెయిమ్ పూర్తిగా సెటిలైంది సార్. ఇంకేమైనా నష్టం మిగిలిందా?"

"సీటుకు దెబ్బ తగల్లేదమ్మా," అన్నాను.

"థాంక్యూ సార్!" అంది సంతోషంగా.

పాఠకులారా, పదాలు నేర్చుకోండి. వరమన్నాను, వరమే. సీటు సంగతి మాత్రం ఇదే ఆఖరు. ఎదురుపడినప్పుడు ఎవరూ అడగొద్దు. అడిగినా చెప్పను.