పటాత్ మింగిన మాత్రలు

పెంపుడు కుక్క పటాత్‌కి నెలనెలా మాత్ర వేసే పని ఓవీడ్ శెరామీది. ఆ పని తన నెత్తిమీదికి ఎప్పుడు వచ్చి పడిందో అతనికి గుర్తులేదు. ఆ ఇంట్లో పనులన్నీ అలాగే వచ్చి పడేవి. భార్య అజెలీ ఏదీ చెయ్యమని అడిగేది కాదు. "నువ్వైతే బాగా చేస్తావు" అనేది. ఆ ఒక్క మాటతో ఓవీడ్ ఇప్పటికి కప్పు మార్చాడు, కంచె వేశాడు, అత్తగారిని ఆరేళ్లు సాకాడు.

పటాత్ అంటే, బయూ అనే ఆ బురదవాగు ఒడ్డున వాళ్లు మాట్లాడే ఫ్రెంచిలో, బంగాళాదుంప. కుక్క రంగు అదే, ఆకారమూ అదే. నాలుగు పాదాలకీ మాత్రం తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. తల్లి గొర్రెల్ని కాసే జాతిది. తండ్రి ఎవరన్నది ఆ బయూ ఒడ్డున ఏ ఇంటివాళ్లూ ఒప్పుకోలేదు.

మాత్రలు రెండు రకాలు. ఒకటి దోమకాటుతో గుండెలోకి చేరే పురుగులు రాకుండా, రెండోది ఒంటిమీద గెంతే కుక్కపేలు పోవడానికి. ఓవీడ్ రెండూ బుద్ధిగా వేస్తూ వచ్చాడు, పేల మందు పెట్టెలో మడిచిపెట్టిన కాగితం చదివేదాకా.

అతను నలభయ్యేళ్లు రొయ్యల పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి. ఇంజన్‌తో వచ్చిన కాగితాన్ని అతను ఏనాడూ చదవలేదు. కుక్క మాత్రతో వచ్చినదాన్ని మాత్రం కళ్లద్దాల మీద భూతద్దం పెట్టి చదివాడు. వాంతులు, వణుకు, తూలుడు, మూర్ఛ. చదువుతూ చదువుతూ తనకే కాస్త తూలినట్టయింది.

మర్నాడు ఎరల కొట్లో ఆ సంగతి ప్లాసీడ్‌తో అన్నాడు. ప్లాసీడ్‌ని ఊళ్లో రేడియో ప్లాసీడ్ అంటారు, చెప్పడమే తప్ప వినడం అతనికి చేతకాదు కాబట్టి. ప్లాసీడ్ మరదలి కుక్కకి పేల మాత్ర వేసిన సాయంత్రమే మూర్ఛ వచ్చిందట. వంటింట్లో కొట్టుకుంటుంటే పింగాణీ గిన్నెలన్నీ పగిలాయట. పైగా తెల్లకాళ్ల గొర్రెకుక్కలకి గుండెపురుగుల మందు సరాసరి మెదడులోకి ఎక్కుతుందని కూడా విన్నాడట.

ఓవీడ్ ఇంటికొచ్చి పటాత్ కాళ్లవైపు చాలాసేపు చూశాడు. ఎటు తిప్పి చూసినా తెల్లగానే ఉన్నాయి.

పేల మందు మానేద్దామని భార్యతో పైకే అన్నాడు. ఆవిడ సరేనంది. గుండెపురుగుల మందు సంగతి కూడా కదిపి చూశాడు.

"అది మానేది లేదు," అంది అజెలీ. "గుండె మాట అది."

"మెదడు మాటో?"

"డాక్టర్ని అడుగుదాం."

"డాక్టర్లు మందులమ్ముకునేవాళ్లు."

"నువ్వు ఇంజన్లు బాగుచేసేవాడివి. ఊళ్లో పడవలన్నిటికీ నువ్వే చిల్లులు పెట్టావా?"

వాదనలో ఓడినప్పుడు ఓవీడ్ పథకం వేస్తాడు.

గుండెపురుగుల మందు రేకుల్ని అతని మొరటు వేళ్లు విప్పలేవని అజెలీ ముందే విప్పి, గోధుమరంగు బిళ్ల ఒకటి అతని చేతిలో పెట్టేది. అతను కుక్కని వరండాలోకి తీసుకెళ్లి, బిళ్లని అరచేతిలో నొక్కిపట్టి, జున్నుముక్క ఒక్కటే నోట్లో వేసేవాడు. "మింగాడా?" అని వంటింట్లోంచి అడిగేది. "ఒక్క గుటకలో," అనేవాడు. అది అబద్ధం కాదు. జున్ను మింగాడు. ఆదివారం చర్చిలో పాదిరిగారి ముందు మోకరిల్లితే ఈ మాట ఎలా సమర్థించుకోవాలో కూడా సిద్ధం చేసి ఉంచుకున్నాడు. బిళ్ల నేరుగా పడవ షెడ్డుకి వెళ్లి పాత కాఫీ డబ్బాలో పడేది.

మందు మానేశాక కుక్కని ఊరికే వదిలేస్తాడా. గిన్నెలో వెల్లుల్లి కలిపాడు. పడక మీద దేవదారు నూనె చల్లాడు. నిమ్మకాయలు మరిగించిన నీళ్లతో తానం చేయించాడు. పటాత్ ఒంటినుంచి, మసాలా పట్టించి పొయ్యిమీద పెట్టడం మరిచిపోయిన మాంసంలాంటి వాసన రాసాగింది.

పేలకి ఆ వాసన నచ్చినట్టుంది. బంధువుల్ని కూడా పిలుచుకున్నాయి.

మొదట తివాచీలో, తర్వాత సోఫాలో, ఆ తర్వాత ఓవీడ్ మేజోళ్లలో. అజెలీ ఉతకాల్సినవి ఉతికేది, ఊడ్చాల్సినవి ఊడ్చేది. అతను గోక్కుంటుంటే, దేవదారు నూనె బాగా పనిచేస్తున్నట్టుంది కదూ అని ఆదరంగా అడిగేది. బాగా పనిచేస్తోందనేవాడు గోక్కుంటూనే.

అజెలీ స్నేహితురాళ్లు ముగ్గురు బూరే ఆడటానికి వచ్చిన మధ్యాహ్నం పేల గుట్టు రట్టయింది. బూరే అంటే పేకాట. అందులో సగం ముక్కలు, సగం లోపలి మాట దాచే మొహం. ఆ రోజు మంచి ముక్క పడిన మనిషి ఉలిక్కిపడేది. చెడ్డ ముక్క పడిన మనిషీ ఉలిక్కిపడేది. బల్ల కింద ఆరు కాళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటుంటే, కాళ్లతో సైగలు చేసుకుంటున్నారని మదాం యుఫ్రాజీ నేరం మోపింది. మాట పెరిగింది. ఆవిడ మేజోడు కిందికి లాగి అందరికీ మోకాలు చూపించింది. అందరూ తమ తమ మోకాళ్లు చూపించారు. బల్ల మొత్తమ్మీద గోక్కోనిది అజెలీ ఒక్కతే. ఆ రోజు ఆటలన్నీ ఆవిడే గెలిచింది.

ఓవీడ్ గుమ్మంలోంచి చూస్తున్నాడు. ఆవిడ కాలిమడమ మీద రెండు పేలు కూర్చుని ఉండటం అతను కళ్లారా చూశాడు. ఆవిడ మొహంలో ఒక్క గీత కదల్లేదు.

ఆ వారమే పటాత్ దగ్గడం మొదలెట్టాడు. పొడిదగ్గు. కట్టమీదికి నడిచివెళ్లేటప్పుడు ఒకసారి, పడుకునేముందు ఒకసారి. ఓవీడ్ మళ్లీ ఎరల కొట్టుకి పరిగెత్తాడు. ప్లాసీడ్ తల పంకించి, దగ్గా, అయితే గుండెపురుగులే, మా బావమరిది కుక్క అలాగే దగ్గిదగ్గి చచ్చిపోయింది, వాడు మాత్రలు వేసేవాడు కాదు అన్నాడు.

"ఈ ముక్క అప్పుడే చెప్పలేదేం?"

"నువ్వు మాత్ర వేస్తే ఏమవుతుందని అడిగావు. వెయ్యకపోతే ఏమవుతుందని అడగలేదు కదా."

ఓవీడ్ షెడ్డుకి వెళ్లి కాఫీ డబ్బా మూత తీసి నేలమీద కూర్చున్నాడు. వేసవి అంతా ఆ డబ్బాలోనే ఉంది. ఇప్పుడు ఒకటి వెయ్యాలా, రెండు వెయ్యాలా, ఇంకా ఆలస్యమైపోయిందా? ఎవర్నడగాలి? తల పట్టుకుని ఆలోచించాడు. తలెత్తేసరికి పటాత్ మూతి డబ్బాలో ఉంది. లాగి చూస్తే డబ్బా అడుగు తళతళా మెరుస్తోంది.

ఇందాకటిదాకా మందు పడక చస్తుందనుకున్న కుక్క, ఇప్పుడు మందెక్కువై చస్తుందనిపించింది. రెండు చావులూ తన చేతిమీదే. పడవ ఇంజన్‌కి పట్టీ కొనుక్కొస్తానని భార్యకి గుమ్మంలోంచే కేకేసి, కుక్కని దుప్పట్లో చుట్టి ట్రక్కులో వేసుకున్నాడు.

పశువుల డాక్టరు నోయెమీ ఆ ఊరి పిల్లే. చిన్నప్పుడు ఓవీడ్ పడవ మీదినుంచి నీళ్లలోకి దూకి ఈత నేర్చుకుంది. ఓవీడ్ తన నేరాలు రెండూ ఒకేసారి చెప్పబోయి, ఏది ముందో తెలియక, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆమె కుక్క కనుపాపల్లో దీపం వేసి చూసింది, నాలుగడుగులు నడిపించింది, దవడ కింద గీరింది. పటాత్ తోకాడించాడు.

ఆ బిళ్లల్లో ఉండే మందు ఇసుకరేణువంత, గుప్పెడు మింగినా తనకి పెద్ద భయం లేదని ఆమె చెప్పింది. అయినా ఏ రకమో, ఎంత బలమైనదో తెలియాలి, అజెలీ అత్తని అడగండి అంది. ఓవీడ్ ఫోను చేశాడు. అజెలీ ఎత్తలేదు. జీవితంలో మొదటిసారి అతనికి అది వరంలా తోచింది.

ఈలోగా నోయెమీ పటాత్ కాలినుంచి రక్తం తీసింది. తాను దేనికోసం వెతుకుతుందో చూడమని అతన్ని సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టింది. అందులో ఉన్నది ఆ ఉదయం ఎవరో తెచ్చి వదిలేసిన అనాథ కుక్క రక్తం, ఒక్క చుక్క.

ఓవీడ్ కన్ను ఆనించాడు. ఎర్రటి గింజలు, లెక్కలేనన్ని. వాటి మధ్య వెంట్రుక తునకల్లాంటివి మెలికలు తిరుగుతూ, గింజల్ని అటూ ఇటూ తోసుకుంటూ పోతున్నాయి. బతికి ఉన్నాయి.

"ఇవి గుండెపురుగుల పిల్లలు. ఈ కుక్కలో ఎన్నాళ్లున్నా ఇలాగే ఉంటాయి మామా, ఎదగవు," అంది నోయెమీ. "ఒక దోమ వచ్చి వీటిని తాగాలి. దాని కడుపులో కొన్నాళ్లు పెరగాలి. అది ఇంకో కుక్కని కుడితే అప్పుడు ప్రయాణం మొదలు. చర్మం కింద, కండల్లోంచి, నెలల తరబడి నడిచి గుండెకే వెళ్తాయి. అక్కడ సేమ్యా అంత పొడుగవుతాయి."

"దారెవరు చెప్తారమ్మా వాటికి?"

"అది నాకూ తెలీదు."

ఓవీడ్ మళ్లీ కన్ను ఆనించాడు. ఇంత లేని ప్రాణికి అంత దారి. దోమల్ని అతను పుట్టినప్పట్నుంచీ చంపుతున్నాడు. ఒక్కదాన్నీ ఇంత గౌరవంతో తలచుకోలేదు.

తర్వాత ఆమె పటాత్‌ని పక్కకి పడుకోబెట్టి, ఛాతీ మీద జిగురు రాసి, స్కానింగ్ మర కదిపింది. తెరమీద గుండె కనిపించింది. అరలు బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి. సన్నని రెక్కల్లాంటి కవాటాలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నలభయ్యేళ్లు కవాటాలు విప్పి తుడిచి బిగించిన మనిషి నోరు తెరిచి నిలబడిపోయాడు. అతనికి తెలిసిన ఏ ఇంజనైనా ఏడాదికోసారి ఆపి చూడాల్సిందే. ఇది పటాత్ తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదలైంది. నిద్రలో ఆగలేదు, ఉడతల వెంట పరిగెత్తినప్పుడు ఆగలేదు, తను వెల్లుల్లి పెట్టినప్పుడూ ఆగలేదు.

"శుభ్రంగా ఉంది," అంది నోయెమీ. "రక్తంలోనూ పురుగుల జాడ లేదు."

అప్పుడు ఫోను మోగింది.

"అజెలీ, నేను డాక్టరు దగ్గరున్నాను."

"తెలుసు. పట్టీ కొనడానికి వెళ్లేవాడు కుక్కకి దుప్పటి కప్పడు."

"పటాత్ మాత్రలు మింగేశాడు."

"మంచిదేగా."

"అన్నీ. ఒకేసారి. నువ్వు నెలనెలా ఇచ్చినవి నేను వెయ్యలేదు. షెడ్డులో దాచాను."

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"ఓ, అవా," అంది అజెలీ. "అవి పంది కాలేయం ముక్కలు. నేనే ఎండబెట్టి కోశాను. పాతబడి ఉంటాయి, ఇవాళ వాడికి గంజి పెడదాంలే."

నోయెమీ గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

మొదటి నెలలోనే కిటికీలోంచి చూశానని, ఆ బిళ్లని డబ్బాలోంచి తీసి పటాత్‌కి వేసి, దాని బదులు కాలేయం ముక్క పడేశానని అజెలీ చెప్పింది. అతని మొహం చూసి చేతిలో ఏ పేకముక్కలున్నాయో చెప్పగలిగిన మనిషికి, అరచేతిలో బిళ్ల ఉందని తెలియదా? అప్పట్నుంచీ అతనికి కాలేయం ఇచ్చి, అతను షెడ్డుకి వెళ్లాక అసలు మాత్ర తనే వేస్తోంది. తెల్లకాళ్ల సంగతి ఆవిడకీ భయమే. అందుకే పటాత్ కూనగా ఉన్నప్పుడే చెంప లోపలి తడి తీయించి పరీక్షకి పంపింది. మందు మెదడుకెక్కే ఆ దోషం వాడికి లేదు.

"మరి పేల మందు?" అన్నాడు ఓవీడ్ నీరసంగా. "అది ఎందుకు వెయ్యలేదు?"

"పేలు దురద. గుండె ప్రాణం. దురద విషయంలో నీ మాట నెగ్గితే నష్టం లేదనుకున్నాను. యుఫ్రాజీ మోకాలు చూసేదాకా."

ఓవీడ్ ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. నోయెమీ అతన్ని వెక్కిరించలేదు. మీరు చదివిన కాగితంలో అబద్ధం లేదు మామా అంది. పేల మందుతో మూర్ఛ రావడం అరుదు, కానీ వస్తుంది. ఇదివరకు మూర్ఛ వచ్చిన కుక్కలకి తను అది ఇవ్వదు. పటాత్‌కి ఎప్పుడూ రాలేదు. వేసి ఒక రోజు కనిపెట్టి ఉండొచ్చు, లేదా వేరే రకం వాడొచ్చు, మీరే తేల్చుకోండంది. దగ్గు మాత్రం పడక మీద చల్లిన దేవదారు నూనె పుణ్యం. ఇక వెల్లుల్లి కుక్కల రక్తాన్నే పాడుచేస్తుంది. వాడి రక్తం బాగానే ఉంది, అదృష్టం.

ఇంత జాగ్రత్తపడ్డ మనిషి ఇంట్లో కుక్కకి హాని చేసింది ఆ జాగ్రత్త ఒక్కటే అని ఓవీడ్‌కి నెమ్మదిగా అర్థమైంది.

మర్నాడు ఉదయం పేల మాత్ర తనే అడిగి తీసుకున్నాడు. రేకు తనే విప్పాడు. పటాత్ నోట్లో తనే వేసి, గొంతు కిందికి దిగేదాకా నిమిరాడు. ఆ తర్వాత వరండాలో వాడి పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఎరల కొట్టుకి వెళ్లలేదు, భోజనానికీ లేవలేదు. పటాత్ వెల్లకిలా పడుకుని గురకపెట్టాడు. కల్లో కాలు కదిలినప్పుడల్లా ఓవీడ్ వంగి వాడి మొహంలోకి చూసేవాడు.

మధ్యాహ్నానికి అజెలీ బెండకాయ గంబో పులుసన్నం కంచంతో వచ్చింది. అతను కుక్క పక్కటెముకలకి చెవి ఆనించి ఉన్నాడు.

"ఇలా వచ్చి విను," అన్నాడు గుసగుసగా. "లోపల రెక్కలంత సన్నటి కవాటాలున్నాయి. నేను చూశాను. ఒక్క బోల్టు లేదు అజెలీ."

ఆవిడ కంచం పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ కిందికి దిగి, కుక్కకి అటువైపు చెవి ఆనించింది. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా, మధ్యలో పటాత్ పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. అంత దగ్గర్నుంచి ఆవిడ మొహాన్ని చూసి అతను చాలా ఏళ్లయింది. ఏమీ తెలియనివ్వని మొహం. చూస్తూ చూస్తూ ఉండగా అతనికి ఒక అనుమానం మొదలైంది.

"అజెలీ, ఇన్నేళ్లలో ఇంకా ఏమేం మార్చేశావు నాకు తెలీకుండా?"

"మాట్లాడకు," అంది అజెలీ కళ్లు మూసుకుని. "వింటున్నాను."