కేషాకెటిలీయము

జయ జయ హిమాంబరధారిణీ, నిశ్వాసాన్ని మీసంపైనే గడ్డకట్టించు మహాశీతశక్తీ! జయ జయ చవక విద్యుద్దేవీ, అంగారా నదికడ్డంగా నిలిచిన ఆనకట్టల గర్భంనుండి వెలువడి, పాత ఇటుక మేడల గోడల్లో గుల్లబారిన తీగల వెంట పరుగులెత్తి, మా ఇర్కుత్స్క్ పురుషపుంగవులను ఏ పనీ చేయకుండానే ఏదో మహాకార్యం సాధిస్తున్నామన్న భ్రమలో ఓలలాడించు తల్లీ! మీ ఇరువురి కటాక్షం వల్లనే ఈ గాథ పుట్టింది. జనవరి నడుమ, క్రీస్తు జలస్నానపు పండుగ తెచ్చే చలిరోజుల్లో, పేరుకు అంగారమే అయినా ఒళ్లంతా మంచుపొగ కక్కే ఆ నది ఎడమగట్టున, మూడంతస్తుల మేడలో, రెండో అంతస్తు ఇంట్లో, ఒక వీరుడు తన అత్తగారి కెటిల్‌తో సలిపిన ఘోరసంగ్రామాన్ని చెప్పబోతున్నాను. నేనూ ఆ ఊరివాణ్ణే. నా ఇంట్లోనూ అటువంటి యంత్రమే ఉంది, నా పరువూ అంతంత మాత్రమే. కాబట్టి నవ్వదలిస్తే నన్ను కూడా కలుపుకుని నవ్వండి.

మా రష్యన్లు ఇంతమంది ఈ క్రిప్టో నాణేల తవ్వకం మీద ఎందుకు పడ్డారని పండితులు టీవీల్లో గంటల తరబడి చర్చిస్తుంటారు. కరెంటు చవక అంటారు. చలి ఉచితం, సలసల కాగే యంత్రాన్ని చల్లార్చడానికి కిటికీ రెక్క తీస్తే చాలు అంటారు. తొంభైల్లో బ్యాంకులో దాచుకున్నదంతా ఆవిరైపోయాక కంటికి కనిపించే డబ్బు మీద మాకు నమ్మకం పోయి, కనిపించని డబ్బు మీద గురి కుదిరిందంటారు. అన్నీ నిజమే. అసలు కారణం మాత్రం ఏ పండితుడూ చెప్పడు. ఇంట్లో మాట చెల్లని ప్రతి మగవాడికీ, తనకొక్కడికే అర్థమయ్యే వస్తువు ఒకటి, తానొక్కడే మీట నొక్కగలిగేది, హోరుమంటూ ఒక మూల ఉండాలని ఉంటుంది. వెనకటికి గ్యారేజీలో ఊడదీసి మళ్లీ బిగించని కారు ఆ ముచ్చట తీర్చేది. ఇప్పుడు ఇది తీరుస్తోంది.

మన కథానాయకుడు ట్రాలీబస్ డిపోలో విద్యుత్తంత్రీసంధానధురంధరుడు, తుహినకణధవళితశ్మశ్రువు, చిరుగుమేజోళ్ల పాదపద్ముడు, ఇన్నొకెంతీ ప్రొకోప్యెవిచ్. మాలో మనిషిని గౌరవించడమంటే పేరు పక్కన తండ్రి పేరు చేర్చి పిలవడం. ప్రొకోపీ కొడుకు కనుక ప్రొకోప్యెవిచ్. డిపోలో నిన్నగాక మొన్న చేరిన మెకానిక్ కూడా అలాగే పిలుస్తాడు. ఇంట్లో మాత్రం అతను కేషా. మా ఊళ్లో పంజరపు చిలకల్లో సగానికి అదే పేరు. పదమూడేళ్లుగా అతను అత్తగారింట ఇల్లరికం ఉంటున్నాడు, ఆ పదమూడేళ్లుగా ఆవిడ ఆ చిలక పేరును కూడా ఇంకాస్త విరిచి ‘కేష్కా’ అంటోంది. ఒక్కసారి, బతికుండగా ఒకే ఒక్కసారి, ఆవిడ నోట తన పేరు తండ్రి పేరుతో సహా వినాలన్నది అతని కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే నవ్వుతారని భయం.

ఇక ఆ అత్తగారు, మాకరోనీమహాసామ్రాజ్ఞి, ముప్పై అయిదేళ్లు మాకరోనీ ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తాన్ని కంటిచూపుతో నడిపిన ప్రచండశాసన, ఫయీనా కార్పవ్నా. రిటైరైననాడు ఫ్యాక్టరీవాళ్లు ఆవిడకు కరెంటు కెటిల్ ఒకటి బహూకరించారు. దాని ఉక్కు బొజ్జ మీద ‘గౌరవనీయురాలైన ఫయీనా కార్పవ్నాకు’ అని చెక్కి ఉంటుంది. అంటే ఆ ఇంట్లో కెటిల్‌కి సైతం మర్యాద తెలుసు. రోజుకు తొమ్మిదిసార్లు అందులో నీళ్లు మరగాలి, తొమ్మిదిసార్లు పాలు పోసిన టీ ఆవిడ కప్పులోకి రావాలి.

నిరుడు వసంతంలో కేషా ఎవరో వాడి వదిలేసిన యంత్రాన్ని కొనుక్కొచ్చి సామాన్ల గదిలో, పచ్చళ్ల జాడీల నడుమ ప్రతిష్ఠించాడు. అటువంటి యంత్రాల కొలువును మా భాషలో ‘ఫెర్మా’ అంటారు. ఆవుల కొట్టానికీ అదే మాట.

“ఫెర్మా పెట్టావటగా కేష్కా,” అంది అత్తగారు తొలినాడే గుమ్మంలో నిలబడి. “పాలేవీ?”

“పాలు కాదండీ ఫయీనా కార్పవ్నా. ఇది లెక్కలు వేస్తుంది. లెక్క కుదిరితే నాణెం వస్తుంది.”

“ఏదీ, చూపించు.”

“చూపించడానికి ఉండదండీ.”

“మేత మేయదు, పాలివ్వదు, అరుపు మాత్రం నాలుగు ఆవులంత. అచ్చం నీలాగే ఉంది. ఒకరికొకరు సరిపోయారు.”

అక్కడితో పోయినా బాగుండేది. ఆ పాత మేడలో సామాన్ల గదికీ వంటింటి ప్లగ్గులకూ కరెంటు ఒకే లైను. యంత్రమొక్కటే నడిస్తే సుఖం, కెటిలొక్కటే మరిగితే సుఖం. రెండూ ఏకకాలంలో గర్జించాయా, బయట మెట్ల దగ్గరున్న పెట్టెలో మీట ఠపీమని పడిపోయి ఇల్లంతా చీకటి. కరెంటు పొయ్యికి వేరే లైను ఉంది. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెడితే ఏ బాధా లేదు. ఆ మాట అతను ఒక్కసారే అన్నాడు.

“గిన్నెలో నీళ్లు కాచుకు తాగడానికి నేనేమన్నా హాస్టల్లో ఉన్నానా?” అంది ఆవిడ. నాటినుండి తొమ్మిది మాసాలుగా సమరం సాగుతూనే ఉంది.

అటువంటి ఒక శనివారం ఉదయాన, ఉష్ణమాపకంలో పాదరసం మైనస్ ముప్పై ఎనిమిది దగ్గర ముడుచుకుని కూర్చోగా, అంగారా పొగ వంతెనను సగందాకా మింగగా, పేటకంతటికీ వేడినీళ్లు తెచ్చే గొట్టం ఎక్కడో భూగర్భంలో పగలగా, మేడలోని రేడియేటర్లన్నీ ఒక్కమారు గుడగుడమని, ఇంకొక్కమారు నిట్టూర్చి, చల్లబడిపోయాయి.

“ఇది చచ్చింది కేషా,” అంది అతని భార్య రిమ్మా, రేడియేటర్ మీద చెయ్యి వేసి. “సాయంత్రానికల్లా బాగుచేస్తారట.”

“సాయంత్రమంటే ఏ వారం సాయంత్రమో,” అంది లోపలి గదినుంచి ఫయీనా కార్పవ్నా. “నా శాలువా ఇటు పడెయ్. ఆ రెండోది కూడా.”

గంటలో కిటికీలకు లోపలివైపు మంచు పట్టింది. అత్తగారి మాటల్లో పస తగ్గింది. రెండు శాలువాల మధ్య ఆవిడ ముఖం చిన్నదైపోవడం చూశాడు కేషా. ఎన్నడూ లేనిది, ఆవిడకు డెబ్బై నాలుగేళ్లని అతనికి గుర్తుకొచ్చింది. అంతట ఆ విద్యుద్వీరుడు సామాన్ల గదిలోకి లంఘించి, యంత్రపు వేడిగాలిని కిటికీ గుండా వీధిలోకి మోసుకుపోయే లావుపాటి ముడతల గొట్టాన్ని రెండు చేతులా ఒడిసిపట్టాడు.

‘ఓ యంత్రరాజమా! తొమ్మిది మాసాలుగా నీ ఉష్ణనిశ్వాసాన్ని వీధిలోని కాకులకు ధారపోసితిని! నేడు హేమంతుడు సేనాసమేతుడై మన ముంగిట నిలిచినాడు. ఇక నీ ఊపిరి ఈ గృహానిది. లెమ్ము, విజృంభింపుము, అత్తగారి చరణద్వయమును కాపాడుము!’ అని దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాలనుకున్నాడు.

“రిమ్మా, ఆ టేపు ఇటివ్వు,” అన్నాడు.

గొట్టం కిటికీనుండి ఊడింది, హాలులోకి తిరిగింది, కుర్చీ వీపుకు టేపుతో బంధితమైంది. మరుక్షణమే, ప్రళయపర్జన్యగర్జాసదృశఘోషంతో, కాస్త కాలిన దుమ్ము వాసనతో, ఉష్ణమారుతం ఆ ఇంట వీచింది. పావుగంటకు కిటికీ మీది మంచు కారసాగింది. అరగంటకు లోపలి గది తలుపు కిర్రుమంది. గొర్రెబొచ్చు బూట్లు తొడిగిన ఫయీనా కార్పవ్నా, ఏదో వెతుక్కుంటున్నదానిలా అటూ ఇటూ చూసి, గొట్టానికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

తన పేరు తండ్రి పేరుతో సహా ఇప్పుడంటుంది, ఇదిగో ఇప్పుడంటుంది అని వీరుడు గొట్టం పక్కనే నిలబడ్డాడు.

“కేష్కా,” అంది ఆవిడ. “గాలికి అడ్డం నిలబడకు.”

వెచ్చబడ్డ మనిషికి ముందుగా గుర్తొచ్చేది టీ. కాళ్లు కాగి, చెంపలకు రంగొచ్చి, పూర్వవైభవం తిరిగివచ్చిన ఆ మాకరోనీసామ్రాజ్ఞి లేచి, వంటింట ప్రవేశించి, నీళ్లు నింపి, అల్లుడు ‘వద్దండీ’ అనే మాటలో ‘వ’ పలికేలోగా కెటిల్ మీట నొక్కింది. ఠప్! నీళ్లు సగం కాగేసరికి యంత్రం మూలిగి మూర్ఛిల్లింది.

చెప్పులీడ్చుకుంటూ, బనియనుతో, మన వీరుడు మెట్లమీదికి దూకాడు. అక్కడి చలి అతని చెవులు పట్టుకుని మెలిపెట్టింది. పెట్టె తలుపు మంచుతో బిగుసుకుపోయింది. పిడికిలితో గుద్ది, భుజంతో కుమ్మి, చివరికి నోటి ఆవిరి ఊది తెరిచి, మీట ఎత్తాడు. యంత్రం మళ్లీ జవసత్వాలు కూడదీసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ అత్తగారు చల్లబడ్డ గొట్టాన్ని చూస్తూ కూర్చుంది, కప్పులో పోసుకున్నది మాత్రం ఆ సగం కాగిన నీళ్ల టీ.

“ఇదేం టీ? కాలువనీళ్లు,” అంటూ లేచి మళ్లీ నొక్కింది. ఠప్!

“అమ్మా!” అని అరిచింది రిమ్మా. “వేడి కావాలా, టీ కావాలా? ఏదో ఒకటి తేల్చుకో!”

“నా ఇంట్లో నాకు రెండూ కావాలి.”

కేషా మనసులో ‘ధిక్ కెటిలాధమా! నీ బొజ్జ చీల్చి’ అని మొదలుపెట్టిన మహోపన్యాసం ఒకటి ఉంది, దాన్ని మింగేసి రెండోసారి మెట్లమీదికి నడిచాడు. మీట ఎత్తి వెనుదిరిగేసరికి, పైజమా మీద ఉన్నికోటు తొడుక్కుని, కోటు కాలరులోంచి పిల్లి తల బయటపెట్టుకుని, కింది వాటా తెరెంతీ లుకిచ్ పైకి వస్తున్నాడు. ఒకప్పుడు నదిలో ఓడలు నడిపిన కెప్టెన్, ఇప్పుడు వణుకుతున్న ముసలివాడు. తెరిచి ఉన్న తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. గుమ్మానికి లోపల ఫయీనా కార్పవ్నా, బయట అతను. గుమ్మానికి అడ్డంగా పలకరించుకోవడం మాలో అశుభం, కాబట్టి ముందు ఆవిడే చెయ్యి పట్టి లోపలికి లాగింది.

“మీ తలుపు కిందనుంచి వెచ్చగా వస్తోంది కార్పవ్నా. కలగన్నానేమో అనుకున్నా. పొయ్యి ఏమన్నా కట్టారా?”

“మా అల్లుడి ఫెర్మా.”

“అల్లుడంటే... ఆ కేషానా?” అని నవ్వాడు ముసలాయన. “నాణేలు గీణేలు అంటూ తిరుగుతాడు, ఆ చిలకపేరు మనిషి?”

తన అల్లుణ్ణి తాను ఎన్నైనా అంటుంది ఫయీనా కార్పవ్నా. కింది వాటావాళ్లు అనడానికి వీల్లేదు. ఆవిడ వెన్ను నిటారయింది.

“చిలకేంటి, చిలక? ఇప్పుడు నీ పిల్లితో సహా నువ్వు ఎవరి వేడి కాచుకుంటున్నావనుకున్నావ్? ఆయన పేరు ఇన్నొకెంతీ...”

అక్కడ ఆగిపోయింది. వియ్యంకుడు పెళ్లికి ముందే పోయాడు. అతని పేరేమిటో ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఆవిడ కూతురివైపు చూసింది, కూతురు వంటింట్లో ఉంది. గోడవైపు చూసింది, గోడ మీద రాసి లేదు. చివరికి గడ్డం పైకెత్తి, ఫ్యాక్టరీలో షిఫ్టు హాజరు పిలిచిన గొంతుతో పూర్తిచేసింది.

“...పెత్రోవిచ్! ఇన్నొకెంతీ పెత్రోవిచ్!”

వెనకాల, మెట్లమీద, బనియనుతో, ప్రొకోపీ కొడుకు నిశ్చేష్టుడైపోయాడు. చలికాలంలో గడ్డకట్టిన నదుల మీదుగా కలప లారీలు నడిపి, ఆ లారీ హెడ్‌లైటు విప్పి కొడుకు చేత మొట్టమొదటి తీగ అతికించిన తండ్రి అతని కళ్లముందు నిలిచాడు. ‘ఓ అత్తాశిరోమణీ! నా జనకుడు పెత్రో కాడు! ఆ మహనీయుని నామధేయం...’ అన్న వాక్యం అతని గొంతుదాకా వచ్చింది. నొప్పిగా ఉంది, సంతోషంగా కూడా ఉంది. రెండూ కలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టాయి.

“హాల్లోకి పదండి తెరెంతీ లుకిచ్,” అన్నాడు. “పిల్లికి చలి.”

వంటింట్లోంచి వచ్చిన రిమ్మా అతని చెవిలో గొణిగింది. “మామయ్య పేరు ప్రొకోపీ కదా. అమ్మకి చెప్పనా?”

“ఊరుకో రిమ్మా! మళ్లీ మొదటికొస్తుంది.”

అతిథి వచ్చాడు. మాలో అతిథి వచ్చాక టీ పెట్టకపోతే ఆ ఇంటికి తలవంపులు. నలుగురూ, పిల్లీ, ఒకేసారి కెటిల్ వైపు చూశారు. అందులో నీళ్లు నిండుగా ఉన్నాయి. మీట పైన ఫయీనా కార్పవ్నా వేలు ఉంది. నొక్కితే టీ, నొక్కితే చీకటి, నొక్కితే వణుకుతున్న ముసలివాడి ముందు అల్లుడి వేడి అంతా ఆరిపోతుంది. కేషా కళ్లు మూసుకున్నాడు.

ఠప్ అన్న చప్పుడు రాలేదు. దాని బదులు కెటిల్లో నీళ్లు గిన్నెలోకి పోస్తున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత గిన్నె పొయ్యి మీద కూర్చున్న చప్పుడు.

“ఏం చూస్తావ్ పెత్రోవిచ్?” అంది ఆవిడ, అటు తిరిగే. “కప్పులు తీయ్. రెండూ కలిస్తే లైను తట్టుకోదన్నావుగా.”

“ఆఁ, వస్తున్నానండీ ఫయీనా కార్పవ్నా!” అన్నాడు, ఎన్నడూ ఎరగని ఏ పెత్రో కొడుకో తానే అయినట్టు.

దుందుభులు మోగుగాక! మైనస్ ముప్పై ఎనిమిదిలో, నాలుగు ఆవులంత హోరు నడుమ, అంగారానదీవామతీరవాసి, యంత్రరథారూఢుడు, బనియనుకవచధారి, తొమ్మిది మాసాల మహాసంగ్రామానంతరం ఒక్క గిన్నెడు నీళ్లను పొయ్యి మీదికి ఎక్కించి జగజ్జేత అయ్యాడు. ఆనాడు ఆ యంత్రం ఎన్ని నాణేలు తవ్విందో ఎవరూ చూడలేదు, అతను కూడా చూడలేదు. ఈ గాథను శ్రద్ధగా విన్న ఇల్లరికపుటల్లుళ్లందరికీ కాళ్లు వెచ్చగా ఉండుగాక, ఫ్యూజులు నిలుచుగాక. సొంత తండ్రి పేరు కాకపోయినా, కనీసం ఎవరో ఒక పెద్దమనిషి పేరు చేర్చి అత్తగారు పిలుచుగాక.