ముసుగు పునుగు ఎగరని నాటకం

ఒక పెద్ద అడవిలో అన్ని రకాల జంతువులూ ఉండేవి గానీ, నాటకం చూసి నోరు మూసుకుని ఇంటికి వెళ్లే జంతువు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు.

దానికి కారణం లేకపోలేదు. ఆ అడవిలో నాటకాలాడే గుహ ఒక్కటే. గుహ బయట ఒక నల్లటి బండ ఉండేది. కొత్త నాటకం మొదటి ఆట అవగానే, చూసినవాళ్లు ఒక్కొక్కరే ఆ బండెక్కి తమకేమనిపించిందో చెప్పాలి. పక్క కొమ్మల మీద కూర్చున్న గోరింకలు ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పట్టుకుని, మర్నాటి నుంచి అడవంతా తిరిగి వినిపిస్తాయి. మూడో రోజున అటవీ సభ కూర్చుంటుంది. మంచి మాటలు ఎక్కువైతే వానాకాలం వచ్చేదాకా గుహ ఆ నాటకానిదే. చెడ్డ మాటలు ఎక్కువైతే తెర దింపి సామాను సర్దుకోవాలి.

నాటకం చూడనివాళ్లు కూడా గోరింకల మాటలు విని దాని మీద అభిప్రాయాలు ఏర్పరచుకునేవాళ్లు. చూసినవాళ్ల అభిప్రాయాలకంటే వాళ్లవే గట్టిగా ఉండేవి.

అలుగు నరసింగానికి ఈ బండంటే చచ్చేంత భయం. ఒళ్లంతా పెంకులున్నా లోపలంతా మెత్తన. ఎవరైనా ఒక మాటంటే చాలు, తలా తోకా లోపలికి లాక్కుని బంతిలా చుట్టుకుపోయేవాడు. ఇరవై ఏళ్లుగా ఇతరుల నాటకాలకు తెరలు లాగాడు, దివిటీలు పట్టాడు. ఇప్పుడు మొదటిసారి తను రాసి, తను నేర్పి, తన సొంత నాటకం ఆడిస్తున్నాడు. ఇది పోతే మళ్లీ దివిటీ పట్టుకోవడమే. ఇంకో అవకాశం ఈ జన్మకు రాదని అతనికి బాగా తెలుసు.

పైగా అతను ముట్టుకున్నది మామూలు కథ కాదు, ముసుగు పునుగు కథ. తాతల కాలం నుంచి ఆ కథను ఏడు బృందాలు ఆడాయి. ముసుగేసుకున్న ఆ పునుగుపిల్లి ఒక్క గెంతులో మూడు కొండలు దాటేవాడు. ఒక్క తన్నుతో ఇరవై తోడేళ్లను కూలదోసేవాడు. కొత్తగా ఆడిన ప్రతిసారీ కొండలు ఒకటి రెండు పెరిగేవి.

నరసింగం నాటకంలో పునుగు అసలు ఎగరడు. వానలో తడుస్తూ నడుస్తాడు. నేల మీద అడుగుజాడలు చూస్తాడు. ఒకే ప్రశ్నను ముగ్గురిని అడిగి, ముగ్గురి జవాబులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాడు. ధాన్యం కొట్టంలో జరిగిన ఒక హత్య చుట్టూ కథంతా తిరుగుతుంది. అది కూడా చీకట్లో. గుహలో ఉండే ఎనిమిది దివిటీల్లో ఆరింటిని నరసింగం తీయించేశాడు.

నాటకానికి పెట్టుబడి పెట్టినవాడు నక్క పాపారావు. ఒకరోజు వచ్చి సాధన చూశాడు. చూసినంతసేపూ ఆవలించి, ఆఖర్న నరసింగాన్ని పక్కకు పిలిచాడు.

"ఇంతకీ మనవాడు ఎప్పుడు ఎగురుతాడు?"

"ఎగరడండీ. ఆలోచిస్తాడు."

"ఎంతసేపు?"

"మొదటి అంకమంతానండీ."

పాపారావు చాలాసేపు తోక నిమురుకున్నాడు. ఆలోచన ఎంతైనా చేయించుకో గానీ, రెండో అంకంలో జలపాతం దగ్గర ఒక పెద్ద పోరాటం ఉండి తీరాలన్నాడు. లేకపోతే కోతులు కుర్చీరాళ్లు పీకేస్తాయని హెచ్చరించాడు. నరసింగం అప్పటికే సగం చుట్టుకుపోయి ఉన్నాడు కాబట్టి సరేనన్నాడు.

పాపారావు అంతటితో ఊరుకోలేదు. పందికొక్కుల కాలనీకి వెళ్లి నలభై మందిని మాట్లాడాడు. మొదటి ఆట అవగానే బండెక్కి మెచ్చుకోవాలి. తలకో తేనెపట్టు ముక్క. ఏమనాలో కూడా తనే నేర్పాడు, ఎందుకంటే పందికొక్కుల సొంత తెలివి మీద అతనికి నమ్మకం లేదు.

ఈలోపు నరసింగం మనసు మనసులో లేదు. అడుగుజాడలు వెతుక్కుంటూ తలవంచుకుని నడిచేవాడు ఉన్నట్టుండి జలపాతం దగ్గర పల్టీలు కొట్టడమేమిటి? ఆలోచించినకొద్దీ అతనికి ఒళ్లు మండింది. మొదటి ఆట రోజు మధ్యాహ్నం ధైర్యమంతా కూడగట్టుకుని ఆ పోరాటాన్ని తీసేశాడు. ఆ సంగతి పాపారావుకు చెప్పేంత ధైర్యం మాత్రం మిగల్లేదు.

సాయంత్రం గుహ కిక్కిరిసింది. పాపారావు లోపలికి రాలేదు. తను డబ్బుపెట్టిన నాటకాన్ని కూర్చుని చూసే అలవాటు అతనికి లేదు. గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని చూసి సంతోషించాడు.

నరసింగం తెర పక్క నుంచి ప్రేక్షకుల మొహాలే చూస్తున్నాడు. ముందు వరసల్లో ముసుగు పునుగు అభిమాన సంఘం కూర్చుంది. దాని అధ్యక్షుడు కొండముచ్చు బంగార్రాజు. వీరుడు ఎగిరి రంగం మీదికి దూకగానే చల్లడానికి సంఘం బుట్టెడు మోదుగుపూలు తెచ్చుకుంది. తీరా పునుగు ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలియలేదు. మూల చీకట్లో మొదటి నుంచీ కూర్చునే ఉన్నాడు. ఎవరో గట్టిగా అడుగేయగానే, ఓపిక పట్టలేక సంఘం కోతులు పూలన్నీ చల్లేశాయి. ఆ వచ్చినవాడు హంతకుడు.

మొదటి అంకం సగానికి ఎలుగుబంటి నిద్రపోయాడు. ఒక లేడి పక్కనున్న లేడిని ఇందులో ఎవరు ఎవరని అడుగుతూనే ఉంది. నరసింగం సగం చుట్టుకుపోయాడు.

కానీ రెండో అంకంలో ఏదో జరిగింది. గుహ మెల్లగా నిశ్శబ్దమైంది. ఎలుగుబంటి లేచి ముందుకు వంగి కూర్చున్నాడు. రంగం మీద దుమ్ములగొండి వేషగాడు, హత్య జరిగిన పొద్దున తను ఇంట్లోనే ఉన్నానని, వాగు చప్పుడు వింటూ పడుకున్నానని ఎంతో మర్యాదగా చెప్పాడు. పునుగు లేచాడు. గొంతు పెంచలేదు.

"వానకు ముందు ఎండిపోయి ఉన్న వాగు చప్పుడు మీకెలా వినిపించిందండీ?"

గుహంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఆ చప్పుడు నరసింగం చెవుల్లో అమృతం పోసినట్టయింది. ఇరవై ఏళ్లు దివిటీ పట్టినందుకు ఆ ఒక్క క్షణం చాలనుకున్నాడు.

ఆట అయింది. అందరూ బండ దగ్గర చేరారు.

ముందుగా బంగార్రాజు ఎక్కాడు. మా వీరుణ్ణి ప్రశ్నలడిగే గుమాస్తాను చేశారని, ముసుగు తీసేస్తే పక్కింటి పిల్లిలా ఉన్నాడని వాపోయాడు. తర్వాత గుడ్లగూబ ఎక్కాడు. నాటకాల గుణదోషాలు తేల్చడంలో ఆయన మాటకు తిరుగులేదు. చీకటి బాగానే ఉంది గానీ ఆ రెండు దివిటీలు కళ్లలో పొడిచాయి, అవి కూడా లేకపోతే కళాఖండమయ్యేదన్నాడు. కుందేలు మూడు గంటలు సాగదీశారని విసుక్కుంది. తాబేలు మాత్రం అంతా హడావుడిగా ముగించేశారంది. అడవిదున్న బండెక్కి, నచ్చిందని చెప్తే అర్థమైందా అని అడుగుతారేమోనని భయపడి ఏమీ చెప్పకుండానే దిగిపోయింది.

అప్పుడు పందికొక్కులు వరుసగా బయల్దేరాయి.

"జలపాతం దగ్గర పోరాటం చూసి ఒళ్లు గగుర్పొడిచింది. ఈ ఏడాది ఇంతకన్నా గొప్ప నాటకం రాదు," అంది మొదటిది.

"జలపాతం దగ్గర పోరాటం చూసి ఒళ్లు గగుర్పొడిచింది," అని మొదలుపెట్టింది రెండోది.

నాలుగోది ఎక్కేసరికి ముళ్లపంది అచ్చమ్మ ముందుకొచ్చింది. అచ్చమ్మ గుహ గుమ్మంలో రేగుపళ్లు అమ్ముకునే ముసలామె. ఏడు పునుగు నాటకాలూ చూసింది. ఈసారి మొదటి వరసలో కూర్చుని రేగుపళ్ల సంగతే మర్చిపోయింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఏం నాయనా, లేని పోరాటం నీకెలా కనిపించింది?"

ఇక చూడాలి సంబరం. నాటకం చూసినవాళ్లంతా ఒక్కసారిగా పునుగులైపోయారు. లేళ్లు పందికొక్కుల్ని ఒకదానికొకటి దూరంగా నిలబెట్టి, ఒకే ప్రశ్న అందర్నీ అడిగాయి. కుందేలు అడుగుజాడలు కొలిచింది. ఎలుగుబంటి ఒక పందికొక్కు మీసాల దగ్గర ముక్కు పెట్టి, ఇది తేనె అన్నాడు. ఇంకోసారి వాసన చూసి, తూర్పుగట్టు తేనె అన్నాడు. మూడోసారి చూసి, తూర్పుగట్టున పాపారావుగారి చెట్టుకే పట్టు ఉందన్నాడు. మూడు వాసనల్లో పాపారావు దొరికిపోయాడు.

తెర పక్క నుంచి ఇదంతా చూస్తున్న నరసింగానికి కళ్లు చెమర్చాయి. తను కోరుకున్నది ఇదే. వీళ్లు చూడటం నేర్చుకున్నారు. ఒక్క ఆటకే నేర్చుకున్నారు. ఆ ఆనందంలో ఉరి ఎవరి మెడకు పడుతోందో అతనికి కాసేపు తట్టలేదు.

బంగార్రాజు తట్టేలా చేశాడు. పొగడ్తలు కొనుక్కున్నారంటే నాటకం బాగాలేదనేగా అన్నాడు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది.

అచ్చమ్మ కంగారుపడి బండెక్కింది. పందికొక్కుల మాట వదిలెయ్యండి, నాకు మాత్రం నిజంగా నచ్చింది అంది. అందరూ ఆమె మూతి వైపే చూస్తున్నారు.

"మామ్మా, ఒకసారి ఇలా రా, వాసన చూడాలి," అన్నాడు ఎలుగుబంటి.

ముసలామెకు అంత అవమానం ఎన్నడూ జరగలేదు. తల దించుకుని దిగిపోయింది. ఆ తర్వాత నచ్చినవాళ్లు కూడా నచ్చిందనడానికి జంకారు. ఎందుకొచ్చిన గొడవని ఒకటో రెండో తప్పులు చెప్పి ఇళ్లకు వెళ్లిపోయారు. నరసింగం ఆ పూటంతా చుట్టుకుపోయే ఉన్నాడు.

మర్నాడు గోరింకలు అడవంతా ఎక్కువగా తిట్లే వినిపించాయి. అచ్చమ్మ నరసింగాన్ని వెతుక్కుంటూ వచ్చింది. అతను అప్పటికే తెర మడత పెడుతున్నాడు.

"నువ్వు నాటకం బాగుందనకు మామ్మా," అన్నాడు నరసింగం. "నిన్ను దొంగంటారు. నేను దివిటీ పట్టుకుంటాను, నాకు అలవాటే."

అచ్చమ్మ తెర మడత వైపు ఒకసారి చూసి, కుంటుకుంటూ వెళ్లి బండెక్కింది. రెండో రోజు బండెక్కకూడదని నియమమేమీ లేదు. గోరింకలు తలలు వాల్చి విన్నాయి.

"ఈ నాటకాన్ని ఎవరూ చూడొద్దు," అంది అచ్చమ్మ. "చూసినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. రేగుపళ్లకొచ్చిన ప్రతివాడి పాదాలూ చూస్తున్నాను. నలభై ఏళ్లుగా మా ఆయన పొద్దున్నే షికారుకని వెళ్తాడు. ఎక్కడికెళ్తాడో ఒక్కనాడూ అడగలేదు. నిన్న అడిగాను. ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ హంతకుడు దొరికిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా ముళ్లు లేచి నిలబడుతున్నాయి. కాపురాలు చేసుకునేవాళ్లు ఆ గుహ ఛాయలకు వెళ్లొద్దు."

సాయంత్రానికల్లా ఆ మాటలు అడవి నాలుగు మూలలకూ చేరాయి. తేనె పెడితే ఎవరూ ఇంత తిట్టరని అందరికీ నమ్మకం కుదిరింది. మూడో రోజు పొద్దుటికి గుహ ముందు వరుస వాగు దాటిపోయింది. కాపురాలు చేసుకునేవాళ్లే ముందున్నారు. షికారుకు వెళ్లే మొగుళ్లు మాత్రం నాటకాన్ని వెంటనే నిషేధించాలని అర్జీ పట్టుకొచ్చారు. ఆ అర్జీ చూసి వరుస రెండింతలైంది.

అటవీ సభ కూర్చుంది. అధ్యక్షుడు ఏనుగు భూషయ్యకు చెమటలు పట్టాయి. కొన్నవని అనుమానించిన పొగడ్తలు తీసేస్తే గోరింకల మాటల్లో మంచిది ఒక్కటీ మిగల్లేదు. నియమం ప్రకారం నాటకం ఓడిపోయింది, తెర దించాలి. బయట జనం చూస్తే గుహ గోడలు కదిలేలా ఉన్నారు. నియమం తప్పితే సభ పరువు పోతుంది, తెర దించితే సభే పోతుంది.

భూషయ్య మధ్యాహ్నం దాకా తొండం ఊపి, సభ్యుల్ని సంప్రదించి, తీర్మానం చదివాడు.

"ఈ నాటకం ఓడిపోయినట్టు సభ నిర్ణయించింది. కాబట్టి వానాకాలం వచ్చేదాకా దీన్ని ఓడిపోయిన నాటకంగా రోజూ సాయంత్రం ఆడవలసిందిగా ఆదేశిస్తున్నాం."

నరసింగం రెండుసార్లు చదివించుకుని విన్నాడు. తర్వాత మడత పెట్టిన తెరను విప్పాడు.

నీతి: నచ్చినదాన్ని మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు, దాన్ని బతికించాలంటే మాత్రం మనసారా తిట్టడం చేతకావాలి.