బండి సున్న కోసం జరిగిన యుద్ధం

సూర్యుడు కిటికీ దాటి వంటింటి గచ్చు మీద చతికిలబడిన వేళ, గిన్నెలు బోర్లించిన ఆ రణరంగమధ్యమున, చక్రభ్రమణదక్షుడైన డ్రైవరు బావా, చరవాణీధరుడైన బావమరిదీ ముఖాముఖి కూర్చున్నారు. నడుమ ఒక కాగితం. ఐదింటిలోగా దాన్ని నలుపు తెలుపు స్కానుగా మార్చి కొత్త కంపెనీకి పంపకపోతే వ్యాను తాళాలు వేరొకరికి పోతాయి. బావ కొన్నాళ్ళుగా ఖాళీగా ఉన్నాడు.

పాత యజమాని రాసిచ్చిన వాక్యం ఒక్కటే: "ఈయన మా ఫర్నిచర్ షాపులో పదేళ్ళు బండి నడిపారు." దాని మీద టీ చుక్కలు ఎండి వలయాలు కట్టాయి.

బావమరిది ఫొటో తీశాడు. బావ తల నీడ కాగితాన్ని గ్రహణంలా పట్టింది.

"తల పక్కకి పెట్టు బావా. నీ అనుభవం కన్నా నీ జుట్టే ఎక్కువ కనిపిస్తోంది."

"ఉన్నవే నాలుగు వెంట్రుకలు. వాటి మీద పడ్డావేంటి?"

ఆ శిరశ్ఛాయాసురుడు తొలగగానే బావమరిది మీట నొక్కాడు. కాగితం తెల్లబడింది. అక్షరాలు నల్లబడ్డాయి. టీ చుక్కలూ నల్లబడి, వలయవ్యూహం పన్ని, వాక్యం చుట్టూ మోహరించాయి. అంతట పొయ్యి దగ్గర నిలిచిన బావ భార్య తమ్ముణ్ణి ఆజ్ఞాపించింది:

"చూస్తావేంట్రా? గుండ్రంగా కనిపించిందల్లా తుడిచెయ్."

అక్క మాట జవదాటని ఆ తర్జనీఖడ్గధారి వలయానికొక వేటు చొప్పున నరికి, శత్రుశేషం లేకుండా చేసి, ఫైలు పంపాడు.

కాసేపటికి బావకు కంపెనీ గుమాస్తా ఫోను చేశాడు.

"ఫర్నిచర్ షాపులో పదేళ్ళు బడి నడిపారా సార్? బెంచీలు ఉన్నాయనా?"

"బడేంటండీ? నేను ఐదో క్లాసుతోనే ఆపేశాను."

"మీ కాగితంలో ఉంది. మాకు హెడ్మాస్టరు అక్కర్లేదు, డ్రైవరు కావాలి. ఐదింటికి ఫైలు మూసేస్తాను."

శత్రుసంహారంలో స్వపక్షవీరుడొకడు కూలాడు.

"సున్న కూడా తుడిచేశావా?" అంది అక్క.

"గుండ్రంగా ఉందిగా."

"నీ తలా గుండ్రంగానే ఉంది."

బావమరిది వెనక్కి తిప్పే బాణం నొక్కాడు. సున్నతో పాటు హతులందరూ లేచారు. తెర పెద్దది చేసి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ కత్తి దూశాడు.

"ఇది టీనా, సున్ననా?"

"బ కీ డి కీ మధ్య ఉన్నదాన్ని ముట్టుకోకు నాయనా," అన్నాడు బావ. "అదే నా ఉద్యోగం."

ఐదు కాకముందే గుమాస్తా జవాబు వచ్చింది: "అందింది. రేపు వచ్చి తాళాలు తీసుకోండి."

వినుడు జనులారా: ఆవగింజంత సున్న స్వస్థానమున నిలిచెను. బడి మూతపడెను. బండి కదిలెను.