ముహూర్తానికి వదిలిన గ్యాసు

"మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుకు బలైన ఐరిష్ వీరులకు తెలుగుజాతి కన్నీటి నివాళి అర్పించబోతోంది!"

మహీధర్ గారు ఐర్లండులోని నేవన్ ఊళ్ళో ఈ ప్రకటన చేసినప్పుడు తెలుగుజాతి మొత్తం వాళ్ళింట్లోనే ఉంది. సోఫాలో ఆయన, వంటింట్లో భార్య ఉజ్వల, మెట్ల మీద నేను. ఉజ్వలకు మేనమామను. పల్నాడులో సేద్యం. చూసిపోదామని వచ్చాను.

కౌంటీ కౌన్సిల్ ఎన్నికలు, మన జిల్లా పరిషత్తు లాంటివి, దగ్గరపడ్డాయి. ఆయనకు పార్టీ టికెట్టు కావాలి. ప్రజల కోసం ఆయన ఏమైనా అవుతారు, ముందుగా కౌన్సిలర్ అవుతారు.

"అప్పట్లో క్లోరిన్ సిలిండర్లు కందకాల్లో పాతిపెట్టి, గాలి శత్రువు మీదికి తిరిగాక మూత తిప్పేవాళ్ళు మావయ్యా. మనమూ అచ్చం అట్లాగే చూపిద్దాం."

"జనం సావరా అబ్బాయ్?"

"ఉత్త రంగుపొగే లెండి. సినిమావాళ్ళది."

ఎదురింటి ముసలావిడ నోరీన్ ఈ సంగతి విని ఒక ఫోటో పట్టుకొచ్చింది. వాళ్ళ తాత మైకేల్ టైనన్ ఫ్రాన్సులో ఆ గ్యాసుకే పోయాడట. ఊళ్ళో ఏ రాతి మీదా పేరు లేదట.

"నేను పోయేలోగా ఆయన పేరు ఒక్కసారి మైకులో వినాలి" అంది.

మహీధర్ గారు ఆవిడ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నారు. "గ్రాండ్, నోరీన్! మొదటి పేరు మీ తాతదే."

ముహూర్తం గుంటూరు పంతులుగారు వాట్సాప్‌లో పెట్టారు. నిప్పుకు సంబంధించిన వస్తువు కనక సిలిండర్లు ఆగ్నేయంలో ఉంచమన్నారు.

ఆ రోజు మైదానంలో ముందు వరసలో పార్టీ పెద్ద బ్రెండన్, పక్కన ఫోటోతో నోరీన్. సిలిండర్లు అద్దెకు తెచ్చిన జెమీమా, మన ఒంగోలు పిల్లే, వేలు తడిపి పైకెత్తి చూసింది.

"అన్నా, గాలి కుర్చీల మీదికే కొడతా ఉంది. కాసేపు ఆగుదామా?"

"ఎట్లా ఆగుతామమ్మా? వర్జ్యం వచ్చేస్తోంది!"

జర్మన్లు అనుకూలమైన గాలి కోసం రోజుల తరబడి కాచుకుని కూర్చునేవాళ్ళట. పాపం, వాళ్ళకు పంచాంగం లేదు.

మూతలు తిరిగాయి. పచ్చటి పొగ నేల మీద పాకుతూ కుర్చీల్లోకి వెళ్ళింది. వేదిక మీద మాత్రం గాలి హాయిగా ఉంది.

"చూడండి, చరిత్ర మీ దగ్గరికే వస్తోంది!" అన్నారు మహీధర్ గారు.

చరిత్ర బ్రెండన్ గొంతులోకి పోయింది. సభకొచ్చిన మన డాక్టర్ లీలారాణి ఇన్‌హేలర్ పట్టుకుని పరుగెత్తింది. ఎవరో గార్డులను పిలిస్తే, వచ్చిన ఆ పోలీసులూ దగ్గుతూ కూర్చున్నారు.

"పేరు! పేరు చదువు!" అని నోరీన్ అరుస్తోంది.

"ముందుగా పార్టీ పెద్దలకు ధన్యవాదాలు" అని మహీధర్ గారు మొదలుపెట్టారు. ఆ ధన్యవాదాలు ముగిసేసరికి మైదానంలో కుర్చీలే మిగిలాయి.

మర్నాడు స్థానిక పత్రికలో పెద్ద ఫోటో. మైదానమంతా కళ్ళు తుడుచుకుంటోంది. 'వీరుల కోసం విలపించిన నేవన్' అని రాశారు. ఒక సభలో ఇంత మందిని ఏడిపించినవాణ్ణి తమ పార్టీ ఇంతవరకు చూడలేదని బ్రెండన్ బొంగురు గొంతుతో మెచ్చుకున్నాడు. టికెట్టు వచ్చింది.

వారం తిరక్కుండా వీధి స్తంభాలకు పోస్టర్లు కట్టారు. ఏడుస్తున్న నోరీన్, పక్కన ఓదారుస్తున్నట్టు మహీధర్ గారు. ఆవిడ చేతిలో ఫోటో ఉండాల్సిన చోట పార్టీ గుర్తు వేశారు. నోరీన్ తన గుమ్మంలో నిలబడి ఆ పోస్టరు వైపు చాలాసేపు చూసింది.

నాకు ఉండబట్టలేదు.

"మరి ఆ మైకేల్ టైనన్ సంగతేంది అబ్బాయ్?"

మహీధర్ గారు వెంటనే ఫోన్‌లో ఓటర్ల జాబితా తెరిచారు.

"ఆయన ఓటు మన ఏరియాలోనేనా మావయ్యా?"